మబ్బులకు కామెర్లు

మా ఇంట్లో రంగులకు జబ్బులు చేస్తాయి. బొమ్మలో ఎరుపు ఎక్కువైతే జ్వరం, నీలం ఎక్కువైతే చలి, పసుపు ఎక్కువైతే కామెర్లు. సిరా పల్చగా పడితే నీరసం. ఈ వైద్యం కనిపెట్టింది మా ఆయన. పెళ్ళయిన కొత్తలో ఆయన ఫోన్లో ఎవరితోనో, "హెడ్మాస్టరుగారికి జ్వరం ఇంకా తగ్గలేదండీ, రేపు పొద్దున్నకల్లా తగ్గించి గోడకెక్కించేస్తాం" అంటుంటే విని, నేను చేసుకున్నది ఎలాంటి మనిషినో అర్థంకాక బిక్కచచ్చిపోయాను.

మాది పెద్ద సైజు ప్రింట్లు వేసే ప్రెస్సు. గోడంత బొమ్మలు, మేడంత హోర్డింగులు, దుకాణాల మీద లోపల లైటుతో వెలిగే బోర్డులు. షట్టరెత్తి లోపలికి రాగానే రెండు మిషన్లు కనబడతాయి. పాతదాని సిరా ఘాటు వాసన కొడుతుంది గానీ ఎండకూ వానకూ తట్టుకుంటుంది, వీధుల్లో కట్టే ఫ్లెక్సీలన్నీ దాని మీదే వేస్తాం. కొత్తది నీళ్ళతో చేసిన సిరా వాడుతుంది, పడ్డ సిరా పడ్డట్టే వేడి తగిలి ఆరిపోతుంది, వాసన ఉండదు. గదుల్లో పెట్టే బొమ్మలు దాని మీద వేస్తాం. ఆ రెండింటి వెనక నా బల్ల. ఫ్లెక్సీ అంచులు మడిచి వేడిగాలితో అతికించడం, మూలల్లో రింగులు కొట్టడం, ఫిల్ములు కొలతకు కోయడం నా పని. రంగుల సంగతి అడిగితే నీళ్ళు నములుతాను. రంగు తండ్రీకూతుళ్ళది, అంచు నాది.

ఆయన కన్నంటే ఈ వ్యాపారంలో అందరికీ గురి. వేరే ప్రెస్సులవాళ్ళు కూడా తమ ప్రింటు చుట్టుకుని వచ్చి, "ఏదో తేడాగా ఉందండీ, ఏమిటో తెలియడం లేదు" అని ఆయన ముందు పరిచేవాళ్ళు. ఆయన ఇలా చూసి, "మెడ దగ్గర జ్వరం, నుదురు బాగానే ఉంది" అని పంపేసేవారు. రంగు కొలిచే మీటరు ఒకటి కొన్నాం గానీ అది సొరుగులోనే ఉండిపోయింది. "అది అంకె చెబుతుంది. ఆ అంకె ఎవరి మొహానికి నప్పుతుందో చెప్పదు" అంటారు. పైగా ఏడాదిన్నరగా ఆయనకు ఇంకో గర్వం తోడైంది. ఏళ్ళ తరబడి అద్దాలు లేనిదే పేపరు చదవలేని మనిషి, ఉన్నట్టుండి అద్దాలు తీసి పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టారు. "వయసు వెనక్కి నడుస్తోందే" అని నన్ను ఏడిపించేవారు. నాకేమో సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటివాళ్ళ సాయం కావాలి. ఒళ్ళు మండేది.

మా అమ్మాయికి నా కోపం, తండ్రి పట్టుదల వచ్చాయి. ఏది ఎటు పోయినా మాటకు మాట తగలాల్సిందే. కానీ మిషను దగ్గర నిలబడితే అది వేరే మనిషి. సిరా చిమ్మే తలలో ఒక్క రంధ్రం పూడినా, బొమ్మ మీద సన్నగీత పడకముందే శబ్దం విని ఆపేస్తుంది. చదువు పూర్తికాగానే ఎవరూ రమ్మనకుండానే వచ్చి పనిలో చేరింది. అలా వచ్చినదాన్ని పోగొట్టుకునే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ఆ గొడవ ఏడాది క్రితం మొదలైంది. ప్రెస్సు నడిమధ్యన ఒక లైటు బల్ల ఉంది. పైన పాలరంగు పలక, కింద ట్యూబులైట్లు. వెనకనుంచి లైటు పడే బోర్డుల ఫిల్ము మామూలుగా చూస్తే వెలిసిపోయినట్టుంటుంది, దాని అసలు రంగు లైటు పెడితేనే తెలుస్తుంది. అందుకని పెద్ద ప్రింటు వేసేముందు అదే బొమ్మను రెండు రకాలుగా సరిచేసి, రెండు చిన్న ముక్కలు వేసి, ఆ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఎప్పుడూ ఆయనే చూసుకునేవారు. ఏడాది నుంచి అమ్మాయిని పిలవడం మొదలుపెట్టారు.

"ఏది?" అంటారు.

అది వచ్చి ఆయన పక్కన నిలబడి, "కుడిది. ఎడమదానికి కొంచెం చలి" అంటుంది.

"ఊఁ" అంటారు. అంతే. కుడిది తీసుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోతారు.

మొదట్లో అమ్మాయి మురిసిపోయింది, నాన్న పని నేర్పుతున్నాడని. తర్వాత విసుగొచ్చింది. ఫ్లెక్సీ అయినా, గోడకాగితం అయినా, కిటికీ అద్దానికి అతికించే స్టిక్కరైనా సరే, ప్రతిదానికీ పిలుపే. ఒక రోజు అన్నం తింటూ నాతో అంది, "బళ్ళో టీచరు కూడా ఒప్పో తప్పో పెడుతుందమ్మా. ఈయన దగ్గర ఎప్పుడూ పరీక్షే, ఎప్పుడూ మార్కుల్లేవు."

"ఆయనంతే. నా వంటకి మాత్రం ఏం మార్కులేశారు?"

"నీ వంట సంగతి వేరు" అంది. అందులో ఎంత వెక్కిరింపు ఉందో నేను ఆరా తీయలేదు.

ఊరి చివర ఒక పెద్ద ప్రెస్సు ఉంది. వాళ్ళ దగ్గర అట్ట మీద, చెక్క మీద, గాజు మీద నేరుగా అచ్చు వేసే మిషనుంది. వాళ్ళు మేము బొమ్మ వేసిచ్చిన ఒక బేకరీ గోడ చూసి, ఎవరు చేశారో కనుక్కుని, అమ్మాయికి ఫోన్ చేశారు. వచ్చి చూసి వెళ్ళమన్నారు, నచ్చితే రంగుల సెక్షను మొత్తం నీ చేతుల్లో పెడతామన్నారు. ఆ సంగతి అది తండ్రి ముందే చెప్పింది. చెప్పి ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది.

"ఊఁ" అన్నారు ఆయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మాయి కంచం తీసుకుని లేచిపోయింది. వెనకాలే వెళ్ళాను. గిన్నెలు తోముతూ నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకు ఆ మిషన్ల మీద మోజేం లేదమ్మా. ఒక్క పని, ఒకే ఒక్క పని నాకొదిలేసి, అయ్యాక చూసి, బాగుందే అంటే చాలు. నేనెక్కడికీ పోను. అంతకన్నా ఏమడిగాను?"

"ఆయనతో అనచ్చుగా."

"అడిగి చెప్పించుకుంటే అదేం మాట?"

అదీ నిజమే.

ఆ వారంలోనే ఆసుపత్రి పని చేతిలో ఉంది. ఒక ఆసుపత్రిలో స్కానింగు గది. పెద్ద గొట్టంలాంటి మిషనులోకి మనిషిని పడుకోబెట్టి పంపుతారు కదా, ఆ పడుకున్నవాళ్ళు భయపడకుండా కప్పు మీద ఆకాశం పెట్టాలని వాళ్ళ కోరిక. కప్పులో చదరపు లైటు పెట్టెలు, వాటి మీద మా ఫిల్ములు. నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు. అన్ని చదరాలూ కలిస్తే ఒకే ఆకాశం కావాలి, ఎక్కడా అతుకు తెలియకూడదు. సగం చదరాలు తండ్రీకూతుళ్ళు కలిసి వేసేశారు, చక్కగా వచ్చాయి. అంతలో ఫిల్ము రోలు అయిపోయింది. కొత్త రోలు వచ్చింది. ఒకే కంపెనీదైనా రోలుకీ రోలుకీ తెలుపులో తేడా ఉంటుంది, కాబట్టి మళ్ళీ రెండు ముక్కలు వేసి చూసుకోవాలి.

ఆ రోజు అమ్మాయి పెద్ద ప్రెస్సు చూడటానికి బయల్దేరింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. లైటు బల్లకు ఇవతల ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, అవతల గుమ్మం వైపు అది.

"ఒక్క నిమిషం. ఏది?" అన్నారాయన.

అది అక్కణ్ణించే బల్ల మీదికి వంగి చూసింది. "ఎడమది. రెండోదానికి కామెర్లు" అని, ఆయన ఊకొట్టేదాకా కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆయన ఎడమ చేతి వైపు ముక్క తీసి, వెనక పెన్నుతో టిక్కు పెట్టి, మిషను దగ్గరికెళ్ళి మిగతా సగం ఆకాశం వేసేశారు. నేను చదరాలుగా కోశాను. మామూలు వెలుతురులో ఆ ఫిల్ములన్నీ పాలిపోయినట్టే ఉంటాయి. నాకు కొలత తప్ప ఇంకేమీ కనబడలేదు.

మా ఫిట్టర్ని అందరూ నిచ్చెన అంటారు, నేల మీద కనబడేది తక్కువ కాబట్టి. మర్నాడు అతను ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒకసారి మీరొచ్చి చూడాలి."

"ఏమైంది, కొలత తేడా వచ్చిందా?"

"కొలత సరిగ్గానే ఉంది. సగం ఆకాశం బాగుంది. సగం ఆకాశానికే, మీ భాషలో చెప్పాలంటే, కామెర్లు."

నేనూ అమ్మాయీ వెళ్ళాం. గదిలో మామూలు లైట్లు ఆపి కప్పు లైట్లు వేశాడు నిచ్చెన. నాలాంటిదానికి కూడా వేలు పెట్టి చూపించక్కర్లేదు. కిటికీ వైపు మబ్బులు కడిగిన పింగాణీలా ఉన్నాయి. మిషను వైపు మబ్బుల మీద ఎవరో టీ ఒలకబోసి తుడిచినట్టుంది. రెండూ కలిసిన చోట గీత గీసినట్టు కనబడుతోంది. అక్కడున్న నర్సు మెల్లగా అంది, "పడుకున్నవాళ్ళకి మొదట కనబడేది ఇదే కదండీ. వాళ్ళకున్న జబ్బులు చాలవా?"

దారంతా అమ్మాయి నోరు విప్పలేదు. అది మాట్లాడకపోతేనే నాకు భయం. ప్రెస్సులోకి వచ్చి నేరుగా తండ్రి ముందు నిలబడింది.

"నేను చెప్పింది ఎడమది. నువ్వు వేసింది రెండోది."

ఆయన మొహం ఒక్క క్షణం ఏదోలా అయింది. బల్ల వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు. తర్వాత తలదించుకుని చేతిలో గుడ్డ మడత పెట్టసాగారు.

"నాకు అదే నచ్చింది" అన్నారు.

"కామెర్లున్నదని చెప్పాక కూడా?"

"ఊఁ."

"అంటే నేను ఏది చెప్తే అది కాకూడదు. అంతేగా?"

ఆయన గుడ్డను ఇంకో మడత పెట్టారు. అమ్మాయి కాసేపు చూసింది. కోప్పడితే బాగుండేది. చాలా మామూలు గొంతుతో, "సరే నాన్నా. ఆ మబ్బులు మళ్ళీ వేసిచ్చి వెళ్తాను, ఆసుపత్రివాళ్ళ దగ్గర మన మాట పోకూడదు. రేపు వాళ్ళకి వస్తానని చెప్పేస్తాను" అంది. అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆయన వెనక గదిలో సిరా డబ్బాలు సర్దుకుంటూ కూర్చున్నారు. నేను రింగులు కొడుతున్నాను గానీ మనసు కుదటపడలేదు. మా ఆయన మొండివాడే, ఒప్పుకుంటాను. ఒకసారి కొన్న చెప్పులు కరుస్తున్నా మార్చకుండా అరిగేదాకా తొడిగిన మనిషి. కానీ పసుపు మబ్బును చూసి నచ్చిందనే మనిషి మాత్రం కాదు. హెడ్మాస్టరుగారికి జ్వరం తగ్గేదాకా ఇంటికి రానివాడు, పచ్చబారిన ఆకాశాన్ని ఆసుపత్రి కప్పు మీదికి ఎక్కిస్తాడా? పంతానికైనా చేయరు. అది నాకు తెలుసు, కాపురం చేశాను కాబట్టి.

ఆ రెండు ముక్కలు ఇంకా లైటు బల్ల మీదే ఉన్నాయి. టిక్కు పెట్టినదాన్ని ఆయన మళ్ళీ తెచ్చి దాని చోట పెట్టేశారు, అది ఆయన అలవాటు. లేచి వెళ్ళి బల్ల స్విచ్చి వేసి, ఆయన స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ వైపు ముక్క పచ్చగా ఉంది. తిప్పి చూస్తే వెనక టిక్కు. కుడి వైపుది తెల్లగా, నిర్మలంగా ఉంది. మరి ఎడమది బాగుందని అమ్మాయి ఎందుకంది? లేచి బల్లకు అవతల, గుమ్మం వైపు వెళ్ళి, అది నిలబడిన చోటే నిలబడ్డాను. చిన్నపిల్లలా చేతులు రెండూ చాపి చూసుకున్నాను. ఇటునుంచి తెల్లది నా ఎడమ చేతికి వచ్చింది.

ఎవరి ఎడమ వాళ్ళది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ మాట నేను చెప్పేస్తే తండ్రీకూతుళ్ళ గొడవ తీరిపోతుందని సంబరంగా రెండడుగులు వేశాను కూడా. మూడో అడుగు పడలేదు. అది ఎడమన్నా, కుడన్నా, నోటికొచ్చింది ఏదన్నా, తీసుకునేది ఆయన కదా. చేతిలోకి తీసుకున్నాక చూశారు కదా. అంచులు తప్ప తెలియని నాకే కనబడిన పసుపు ఆయనకెందుకు కనబడలేదు?

"ఏవండీ, ఒకసారి రండి" అని పిలిచాను.

వచ్చారు. ఈలోపు ముక్కలు రెంటినీ కలిపేసి మళ్ళీ పరిచాను.

"వీటిలో ఏది పచ్చగా ఉంది?"

"ఇప్పుడెందుకే అదంతా?"

"చెప్పండి."

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. చెయ్యి ఒకదాని మీదికి వెళ్ళి ఆగింది, రెండోదాని మీదికి వెళ్ళి ఆగింది. చివరికి ఏ ముక్కా ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"లైటాపు" అన్నారు.

ఆపాను. ఆయన స్టూలు మీద కూలబడ్డారు. నేను పక్కన ఫిల్ము రోలు పెట్టె మీద కూర్చున్నాను.

"అద్దాల్లేకుండా పేపరు చదవగలుగుతుంటే నిజంగానే సంబరపడ్డానే. ఆ తర్వాత ఒక రోజు తెల్ల ఫిల్ము, మీగడ రంగు ఫిల్ము పక్కపక్కన పెడితే రెండూ ఒకటిగా కనబడ్డాయి. బల్లలో ట్యూబులు పాతవైపోయాయనుకున్నా. మార్చా. మళ్ళీ మార్చా."

నాకు గుర్తొచ్చింది. మంచి ట్యూబులు తీసి పారేస్తున్నారని అప్పుడు నేను చెడామడా తిట్టాను.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించా. నీకు చెప్పకుండా వెళ్ళా. కంట్లో పొర అట. అది పసుపు పచ్చగా ముదురుతుందట. మొదట్లో దగ్గరివి బాగా కనబడటం కూడా ఆ జబ్బులో భాగమేనట. ఆపరేషన్ చేస్తే పోతుందన్నాడు."

"మరి చేయించుకోడానికి ఏం రోగం?"

పక్కన ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్ళేదాకా ఆయన ఆగారు.

"పొర తీశాక లోకమంతా వేరే రంగుల్లో కనబడుతుందన్నాడు. అంటే ఇన్నాళ్ళూ నేను చూసింది తప్పు. ఎప్పట్నించి తప్పు? ఎన్ని మొహాలకి జబ్బు చేసి పంపించానో? అది తెలుసుకోవాలంటే భయమేసింది."

నాకు కోపమంతా పోయింది. అయినా పూర్తిగా వదిలిపెట్టే మనిషిని కాను.

"పిల్లకి చెప్పచ్చుగా?"

"రోజూ అడుగుతూనే ఉన్నాగా."

"అది పరీక్షనుకుంది."

"అనుకోనిచ్చా" అన్నారు. "మొండోడనుకున్నా ఫర్లేదు. నాన్నకి రంగులు కనబడవు అనుకోవడం మాత్రం... నాకు ఉన్నదే అదొక్కటి కదే."

"ఆ మొండితనంతోనే పిల్లని పంపించేస్తున్నారు. రేపు అది వెళ్ళిపోతుంది. అర్థమవుతోందా?"

తలూపారు. నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు చూశారు.

"నేను చెప్పను. నేను చెప్తే మీమీద జాలిపడి ఉండిపోతుంది, రేపు జాలి తీరాక పోతుంది. మీరే చెప్పండి" అన్నాను. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో ఉన్నట్టే ఉన్నాం. నేను చెప్పేయాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను.

పొద్దున్న అమ్మాయి మాకంటే ముందే ప్రెస్సుకి వచ్చేసింది. సిరా తలలు తుడిచి, ఇంకో కొత్త రోలు ఎక్కించి, మబ్బుల ముక్కలు రెండు వేసి లైటు బల్ల మీద పెట్టుకుంది. మేము వెళ్ళేసరికి వంగి చూసుకుంటోంది. మమ్మల్ని చూసి పలకరించింది గానీ అది బంధువులని పలకరించే తీరు. నేను నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన దాని పక్కన వచ్చి నిలబడ్డారు.

"ఏది?" అన్నారు.

అది తలెత్తలేదు. "మళ్ళీ పరీక్షా? నేను వెళ్ళిపోతున్నా నాన్నా. ఇంక పాసైతే ఏంటి, తప్పితే ఏంటి?"

"పరీక్ష కాదు. అడుగుతున్నా. నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి."

అమ్మాయి నిదానంగా ఆయన వైపు తిరిగింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఖాళీ ఫ్లెక్సీ ముక్కకు రింగు కొడుతున్నాను, ఎవరికీ అక్కర్లేని రింగు.

"ఒకలాగే ఉండటమేంటి? ఇది పచ్చగా..."

"అదే కనబడటం లేదు. కంట్లో పొర. పసుపూ తెలుపూ తేడా తెలియటం లేదు, ముదురు నీలమైతే నల్లగా ఉంటోంది. మొన్న నువ్వు ఎడమది అన్నావు, నీ ఎడమ. నేను నా ఎడమది తీసుకున్నా. చూసి తీసుకోలేదు. నువ్వు అన్నావని తీసుకున్నా. నిన్న నచ్చిందన్నది అబద్ధం."

అది బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఎప్పట్నించి?"

"నిన్ను పిలవడం మొదలెట్టినప్పట్నించి."

మా ప్రెస్సు గోడకు పూర్తయిన పనుల ఫొటోలు అంటించి ఉంటాయి. అమ్మాయి కళ్ళు అటు తిరిగాయి. బట్టల కొట్టు, బడి మెట్ల మీది పిల్లలు, బస్సుల మీద బొమ్మలు, బేకరీ గోడ.

"బేకరీ?"

"నువ్వు చెప్పిందే."

"బడి మెట్లు? ఆ పిల్లల మొహాలు?"

"అన్నీ నువ్వు చెప్పినవే. ఈ ఏడాది ఇక్కణ్ణించి వెళ్ళిన ప్రతి రంగూ నీదే. నేను మీట నొక్కానంతే."

నేను అనుకున్నాను, ఇప్పుడు మెత్తబడుతుందని. మెత్తబడలేదు. ఫొటోల మీంచి కోపంగా ఆయన వైపు తిరిగింది.

"ఇంత చేయించుకుని ఒక్కసారి బాగుందనలేదు నాన్నా నువ్వు. ఒక్కసారి. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాది పాటు నీ మొహం చూస్తూ నిలబడ్డాను. ఆ మాట అనడానికి నీకేం పోయింది?"

"ఎలా అననే?" అన్నారాయన. "బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

నా చేతిలో సుత్తి అక్కడే ఆగిపోయింది. రాత్రంతా నాకు తెలిసిన సంగతే ఇది, కానీ ఇలా తట్టలేదు. ఒక్క మాట అనేస్తే పిల్ల ఎగిరి గంతేసేది, పని జరిగిపోయేది. అదే మాట చాలా ఇళ్ళల్లో చూడకుండానే అనేస్తారు. ఈయన తన కంటికి కనబడని రంగును బాగుందని చెప్పలేకపోయారు. కూతురు వెళ్ళిపోతానన్నా చెప్పలేకపోయారు. ఆయన మీద నాకు అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి ఎప్పుడూ కలగలేదు.

అమ్మాయి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. ఆ చేతికి సిరా ఉంది, చెంప మీద నీలం మరక పడింది.

"జాలిపడి ఉండిపోకు" అన్నారాయన. "ఆపరేషన్ చేయించుకుంటా. పొర తీశాక అవన్నీ తిరిగి చూసొస్తా. చూసి, అప్పుడు చెప్తా. అది విన్నాక ఉంటావో వెళ్తావో నీ ఇష్టం."

"అప్పటిదాకా ఏవుంటాయి నాన్నా? ఎండలో కట్టినవి ఇప్పటికే సగం వెలిసిపోయుంటాయి. బస్సులవి పీకేసి వేరేవి అంటించారు. నువ్వు చూసేసరికి నేను వేసిన రంగులు ఉండవు."

అది నిజం. మా పనికి ఉన్న ఆయుష్షే అంత. ఆయన గోడ మీది ఫొటోల వైపు చూశారు. వాటిల్లో ఆయనకు ఏం కనబడుతోందో నాకు తెలియదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం మాత్రం కనబడింది.

అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాగున్నాయి నాన్నా" అంది. "నేను చూశాను. అన్నీ చూసే పంపించాను. బాగున్నాయి."

"నిజంగానా?"

"బడి మెట్ల మీద ఒక పాపకి కొంచెం జ్వరముంది. మిగతావన్నీ బాగున్నాయి."

"అయితే బాగున్నట్టే" అన్నారాయన.

మిషను వేడెక్కి సిద్ధమని కూత పెట్టింది. అమ్మాయి తెల్ల ముక్క తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇది" అంది. ఆయన దానికి టిక్కు పెట్టి తిరిగి దానికే ఇచ్చారు. అది మిషను దగ్గరికెళ్ళి మొదటి చదరం వేయడం మొదలుపెట్టింది. సగం మబ్బు బయటికి వచ్చేసరికి దాని ఫోన్ మోగింది. పెద్ద ప్రెస్సువాళ్ళు. కళ్ళు ఫిల్ము మీదినుంచి తీయకుండా, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడింది.

"లేదండీ, రావడం కుదరదు. ఇక్కడ రంగులు చూసేది నేనేనండీ. ఏడాది నుంచీ."